టీషర్టు మీద సగమే రాయండి, మిగతాది వేసుకున్నవాళ్లు చెబుతారు

మీరు అడిగినవి రెండు. వింత బొమ్మల టీషర్టుల వెనక ఉన్నాయని చెప్పుకునే కథల్లో నిజమెంత అన్నది ఒకటి. మీరూ మీ ముగ్గురు స్నేహితులూ కలిసి వేయించిన నలభై షర్టులను ("సోమవారం నాకు పడదు" అన్న మాట, కింద ముసుగుతన్ని పడుకున్న పిల్లి) అందరూ నవ్వుతూ కొన్నారు గానీ ఒకసారి తొడిగి మళ్లీ బయటికి తీయలేదు, ఎందుకు అన్నది రెండోది. నాకు ఈ రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. పద్దెనిమిదేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్‌లో ఉన్నాను. మొదటి నాలుగైదేళ్లు నేను వేసినవన్నీ మీ పిల్లి లాంటివే కాబట్టి కాస్త చనువుగానే చెబుతాను.

పిల్లి బాగుంది. గీత కూడా బాగుంది. చిక్కల్లా, జోకు చదవగానే అయిపోతోంది. ఫోన్‌లో వస్తే నవ్వి ఇంకొకరికి పంపేస్తాం, అక్కడితో సరి. చొక్కా మీద ఉంటే అలా కాదు. తొడుక్కున్న మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురైన ప్రతివాళ్లకూ అదే జోకు చెబుతున్నట్టు ఉంటుంది. మూడోసారికి ఆ మనిషికే మొహమాటం వేస్తుంది. ఏళ్ల తరబడి నిలిచిన షర్టులు వేరేలా పని చేస్తాయి. ఎదుటివాళ్లు రెండు క్షణాలు చూసి "ఏంటిది?" అని అడుగుతారు. అడిగాక చెప్పడానికి తొడుక్కున్నవాళ్ల దగ్గర ఒక ముక్క ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నల్ల టీషర్టు, దాని మీద ఒకదాని కింద ఒకటిగా తెల్లటి గీతలు, మధ్యలో మాత్రం కొండల్లా లేచి పడుతుంటాయి. అక్షరం ముక్క ఉండదు. చాలామంది పర్వతాలనుకుంటారు, కొందరు ఈసీజీ అనుకుంటారు. అసలు సంగతేమిటంటే, 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని రేడియో టెలిస్కోపు గీసిన కాగితాలు చూస్తూ, 1.337 సెకన్లకోసారి తూచినట్టు వస్తున్న ఒక సంకేతాన్ని పట్టుకుంది. అంత లెక్కగా వస్తోందంటే గ్రహాంతరవాసులేమో అని సరదాకి దానికి "చిన్న పచ్చ మనుషులు" అని పేరు పెట్టుకున్నారు. మనుషులు కాదు, గిర్రున తిరిగే చచ్చిపోయిన నక్షత్రం. మనకు తెలిసిన మొట్టమొదటి పల్సర్ అదే.

తర్వాత అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో హరాల్డ్ క్రాఫ్ట్ అనే విద్యార్థి అరెసీబో టెలిస్కోపుకు అందిన ఆ పల్సర్ స్పందనలు ఎనభైని వరసగా పేర్చి, కంప్యూటరుతో గ్రాఫు గీయించి 1970లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో పెట్టాడు. ఆ గ్రాఫు 1977లో వచ్చిన ఒక ఖగోళశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలోకి ఎక్కింది. అక్కడ జాయ్ డివిజన్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ కుర్రాళ్ల కంట్లో పడింది. 1979లో వాళ్ల మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' అట్టకోసం డిజైనర్ పీటర్ సావిల్ దాన్ని తీసుకుని, తెల్లకాగితం మీది నల్లగీతలను తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు. ముందు అట్ట మీద బ్యాండ్ పేరు వేయలేదు, ఆల్బమ్ పేరూ వేయలేదు. గ్రాఫు గీసిన క్రాఫ్ట్‌కు ఈ సంగతి చాలా తర్వాత ఎవరో చెబితే తెలిసింది. రికార్డుల షాపుకు వెళ్లి, తన గ్రాఫు ఉన్న ఆల్బమ్ ఒకటి, పోస్టర్ ఒకటి తనే డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

ఇందులో సావిల్ చేర్చినదేమీ లేదు, చూడండి. కింద "పల్సర్" అని ఒక్క మాట రాసుంటే సైన్సు పుస్తకంలో బొమ్మ అయిపోయేది. పైన బ్యాండ్ పేరు రాసుంటే మామూలు బ్యాండ్ షర్టు అయ్యేది. ఏదీ రాయలేదు కాబట్టి నలభై ఏళ్లు దాటినా జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు. అన్నట్టు, ఆ బ్యాండ్ పాట ఒక్కటీ వినకుండా ఈ షర్టు తొడిగేవాళ్లను నిలదీసే జాతి ఒకటుంది, "మూడు పాటల పేర్లు చెప్పు" అంటూ. నాకు వాళ్లంటే ఒళ్లుమంట. నక్షత్రం బ్యాండ్‌ది కాదుగా.

నాకు బాగా ఇష్టమైన ఇంకో షర్టు చూడ్డానికి పరమ వికారంగా ఉంటుంది. 1990ల్లో అమెరికా చట్టం గట్టి ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాములను (సమాచారాన్ని వేరేవాళ్లు చదవలేని రహస్య లిపిలోకి మార్చేవి) తుపాకులు, క్షిపణుల పక్కనే ఆయుధాల జాబితాలో పెట్టింది. లైసెన్సు లేకుండా దేశం దాటించకూడదు. అందులోనూ ఒక విచిత్రం. అదే కోడ్ పుస్తకంలో అచ్చయితే నిక్షేపంగా పంపుకోవచ్చు, ఫ్లాపీలో ఎక్కిస్తే కుదరదు. 1995లో ఆడమ్ బ్యాక్ అనే బ్రిటిష్ కుర్రాడు ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మూడంటే మూడు లైన్లకు కుదించాడు. ఆ మూడు లైన్లను టీషర్టు మీద అచ్చేశారు. దాంతోపాటు ఒక హెచ్చరిక: ఈ షర్టు ఆయుధం కిందికి వస్తుంది, దీన్ని అమెరికా నుంచి ఎగుమతి చేయకూడదు, విదేశీయుడికి చూపించకూడదు. అంటే అది తొడుక్కుని విమానం ఎక్కితే, చట్టం ప్రకారం చూస్తే, ఆయుధాలు తరలిస్తున్నట్టే.

చొక్కా మీద జోకు రాయలేదు. చట్టమే జోకు, చొక్కా దాన్ని చూపించిందంతే. 1996 చివర్లో ప్రభుత్వం ఇలాంటి ప్రోగ్రాములను ఆయుధాల జాబితాలోంచి తీసి వాణిజ్య శాఖ కిందికి మార్చింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. "టీషర్టు దెబ్బకు చట్టం మారింది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. కోర్టు కేసులు నడిచాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాయి. షర్టు కథలో ఉంది, కథను నడిపింది మాత్రం షర్టు కాదు. ఇలాంటి కథలు చాలావరకు ఇంతే. మొదలు నిజం, చివర మసాలా.

నిజమైన కథలకు కొదవ లేదు లెండి. అమెరికా నేవీ 1913లో నావికులకు లోపల వేసుకునే బనీనుగా టీషర్టు ఇచ్చింది. దాని మీద అచ్చు వేయొచ్చని పెద్దగా తట్టడానికి ఇంకో పాతికేళ్లకు పైనే పట్టింది. 1942 జులైలో 'లైఫ్' పత్రిక ముఖచిత్రం మీద ఒక సైనికుడు ఎయిర్ కోర్ గన్నరీ స్కూల్ ముద్ర ఉన్న టీషర్టుతో కనిపిస్తాడు. 1948లో థామస్ డ్యూయీ అనే ఆయన అమెరికా అధ్యక్ష పదవికి నిలబడితే, ఆయన పేరు మీద పన్ చేస్తూ "డ్యూ ఇట్ విత్ డ్యూయీ" అని షర్టులు వేశారు. ఒకటి ఇప్పటికీ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆయన ఓడిపోయాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌కైతే ఈ బాధ ఏటా ఉంటుంది. ఆట ముగిసిన నిమిషాల్లో గెలిచినవాళ్లు ఛాంపియన్ షర్టులు తొడుక్కోవాలి కాబట్టి రెండు జట్ల పేర్లతోనూ ముందే అచ్చేసి ఉంచుతారు. ఓడిన జట్టును విజేత అని చెప్పే షర్టుల కట్టలను స్వచ్ఛంద సంస్థల ద్వారా వేరే దేశాలకు పంపేస్తారు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట, జరగని గెలుపు షర్టు తొడుక్కుని ఎవరో మామూలుగా పని చేసుకుంటూ ఉంటారు. నాకు అలాంటిది ఒక్కటైనా దొరికితే బాగుండునని ఎప్పటినుంచో కోరిక.

మీరు అడ్డం తగలొచ్చు. "ఐ, గుండె బొమ్మ, ఎన్‌వై" (ఐ లవ్ న్యూయార్క్) షర్టులో దాచిందేముంది, చూడగానే అర్థమవుతుందిగా అని. చూడగానే కాదు, అర సెకను పడుతుంది. మొదటిది మాట, రెండోది బొమ్మ, మూడోది ఊరి పేరులోని పొడి అక్షరాలు. మూడింటినీ మనసులో మనమే అతికించుకుని చదవాలి. డిజైనర్ మిల్టన్ గ్లేసర్ దాన్ని 1976లో టాక్సీలో కూర్చుని, ఒక చిరిగిన కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో గీశాడు. ఆ కవరు ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. పని ఉచితంగా చేసి ఇచ్చాడు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అదే బొమ్మలో గుండె మీద ఒక మూల చిన్న నల్లమచ్చ పెట్టి, "మునుపటికంటే ఎక్కువగా" అని చేర్చాడు. మచ్చ గురించి బొమ్మ మీద వివరణ ఏమీ రాయలేదు. అవసరం లేకపోయింది.

అర సెకను పని పెట్టడంలో ఇంకా గడుసువాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎక్స్‌పెరిమెంటల్ జెట్‌సెట్ అనే డిజైన్ స్టూడియో వాళ్లు. 2001లో వాళ్లు చేసిన షర్టు మీద నాలుగు పేర్లే ఉంటాయి, హెల్వెటికా అక్షరాల్లో, లైనుకొకటి: జాన్, పాల్, రింగో, జార్జ్. మొదటి మూడింటి పక్కన "అండ్" గుర్తు, చివరిదాని పక్కన చుక్క. బీటిల్స్ బ్యాండ్‌లోని నలుగురి పేర్లవి, కానీ బీటిల్స్ అన్న మాట ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు తెలుసుకుంటారు. అంతే, ఆ తర్వాత ప్రపంచమంతా దాన్నే వాయించేసింది. ఏ నాలుగు పేర్లు దొరికినా అలాగే కింద కింద రాసేయడం మొదలైంది. మీ నలుగురి పేర్లతోనూ అలా వేద్దామని అనుకున్నారని రాశారు. దయచేసి వద్దు.

కొన్నిసార్లు కథను వేసినవాళ్లు కాదు, చూసినవాళ్లే పుట్టిస్తారు. చందమామను చూసి ఊళ వేసే మూడు తోడేళ్ల షర్టు తెలుసుగా? అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌కు చెందిన ఒక కంపెనీ దాన్ని సీరియస్‌గానే, ప్రకృతి ప్రేమికుల కోసం వేసింది. 2008 నవంబరులో అమెజాన్‌లో ఒకాయన, ఈ షర్టు తొడిగినప్పటి నుంచి ఆడవాళ్లు తన వెంట పడుతున్నారంటూ నవ్వు బయటపడనీయకుండా ఒక రివ్యూ రాశాడు. అది చూసి వందల మంది అదే ధోరణిలో షర్టు మహిమలు రాయడం మొదలుపెట్టారు. 2009 మే నాటికి అమెజాన్ దుస్తుల అమ్మకాల్లో అదే మొదటి స్థానంలో ఉంది. ఇలాంటిది ప్లాన్ చేసి తెప్పించలేం. ఆ తోడేళ్లను గీసిన మనిషి నిజాయితీగా గీసింది కాబట్టే జోకు అంత పేలింది. కావాలని చెడ్డగా గీసుంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

దీనికి అచ్చంగా ఎదురు ఉదాహరణ "కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్" (కంగారు పడకండి, మీ పని మీరు చేసుకుపోండి). బ్రిటన్ ప్రభుత్వం 1939లో యుద్ధం కోసం ఈ పోస్టర్‌ను దాదాపు 25 లక్షల కాపీలు వేసి, పెద్దగా ఎక్కడా అంటించకుండానే చాలావరకు గుజ్జు చేసేసింది. 2000లో ఆల్నిక్ అనే ఊళ్లో పాత పుస్తకాల షాపువాళ్లకు ఒక పెట్టె అడుగున ఒక కాపీ దొరికింది. అక్కడి నుంచి షర్టులు, కప్పులు, పేరడీలు. 2013లో ఒక కంపెనీ ఈ వాక్యంలో మాటలు మార్చి వేలాది షర్టు డిజైన్లు తయారు చేసే పని కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగించింది. ప్రోగ్రాము దాని పని అది చేసింది. ఆడవాళ్లపై అత్యాచారం చేయమని చెప్పే వాక్యాలు అమెజాన్‌లో అమ్మకానికి కనిపించాయి. నిజానికి ఆ షర్టు ఒక్కటి కూడా అచ్చు కాలేదు, అది తెరమీది బొమ్మే. అయినా కంపెనీ మూతపడింది. ఎవరో ఒకరు చదివి ఉంటే సరిపోయేది. ఇప్పుడు డిజైన్లు, కొటేషన్లు యంత్రంతో గంపగుత్తగా తీసి పెడుతున్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

చదవకపోతే ఏమవుతుందో నా అనుభవం కూడా చెప్పుకోవాలి. ఒక లెక్కల మాస్టారు రిటైరవుతుంటే పాత విద్యార్థులు అరవై షర్టులు చెప్పారు. ఛాతీ నిండా నల్లబోర్డు, దాని మీద కొట్టివేతలతో నిండిన పెద్ద లెక్క, కింద చిన్న అక్షరాల్లో "అంతా అర్థమైంది సార్". నేను ముతక మెష్ (ఇంకు దిగడానికి స్క్రీన్‌కు బిగించే జల్లెడ లాంటి బట్ట) వాడాను, సెంటీమీటరుకు 43 దారాలది. అంటే దారానికీ దారానికీ మధ్య దూరం పావు మిల్లీమీటరుకు కాస్త తక్కువ. ఆ చిన్న అక్షరాల్లో థ ఒత్తు లోపలి చుక్క కూడా ఇంచుమించు అంతే. స్క్రీన్‌కు ఎమల్షన్ అనే పూత పూసి, వెలుతురు చూపించి కడిగితే, అచ్చు పడాల్సిన చోట పూత ఊడి ఇంకుకు దారి ఇవ్వాలి. ఆ చుక్క దగ్గర ఊడి రాలేదు. నేను చూసుకోలేదు. అరవై అచ్చేసి, ఆరబెట్టి, మడతలు పెడుతుంటే మా అబ్బాయి చదివాడు: "అంతా అర్ధమైంది సార్." చుక్క పోయి అర్థం కాస్తా అర్ధం అయింది. అంతా సగమైంది.

కార్యక్రమం మర్నాడు పొద్దున్నే. ఆర్డర్ ఇచ్చినాయన ఫోన్‌లో నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవే. డబ్బు వద్దన్నాను, మళ్లీ వేసే టైమ్ లేక అవే పంపాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇన్నేళ్లకు నిజం ఒప్పుకున్నార్రా" అన్నారట. వారం తిరక్కుండా ఇంకో పాతిక కావాలని ఫోన్. చుక్క లేకుండానే వేయమన్నారు. ఆ షర్టును వాళ్లు ఇప్పటికీ వేసుకుంటున్నారు. చూసినవాళ్లు తప్పు పట్టుకుంటారు, వాళ్లు మాస్టారి మాట చెబుతారు. అది నా తెలివి అని చెప్పుకునే మొహం నాకు లేదు, కానీ ఏ షర్టు బీరువా దాటి బయటికొస్తుందో నాకు అర్థమైంది ఆ రోజే. పూర్తిగానే.

ఇక మీ పిల్లి సంగతి. పిల్లిని అలాగే ఉంచండి. "సోమవారం నాకు పడదు" తీసేయండి. దాని బదులు దిండు పక్కన ఒక చిన్న డిజిటల్ గడియారం గీసి, అందులో "ఆది 11:59" అని పెట్టండి. అంతకుమించి ఒక్క మాట వద్దు. ఆ నిమిషం తర్వాత ఏం రాబోతోందో చూసేవాళ్లే పూరించుకుంటారు. ఇది గొప్ప ఐడియా అనను, మీకు ఇంకా మంచిది తట్టొచ్చు. మాట తగ్గాలి, అంతే నేను చెప్పేది.

వేరేవాళ్ల బొమ్మ వాడేముందు ఒక్కసారి ఆలోచించండి. చే గువేరా ఫోటో 1960లో ఆల్బెర్టో కోర్దా తీసింది. ప్రపంచం నిండా షర్టుల మీద పడినా ఆయన రాయల్టీ అడగలేదు, కానీ 2000లో ఒక వోడ్కా ప్రకటనలో కనిపించగానే కేసు వేశాడు. వచ్చిన 50,000 డాలర్లను క్యూబాలో పిల్లల మందులకు ఇచ్చేశాడు. అందరూ వాడుతున్నారు కాబట్టి ఎవరిదీ కాదు అనుకోకూడదు. సినిమా డైలాగులకూ ఇదే వర్తిస్తుంది.

ప్రింటింగ్ విషయంలో రెండు మూడు మాటలు చాలు. నలభై షర్టులు, ఒకటి రెండు రంగులు అయితే స్క్రీన్ ప్రింటే మేలు. రంగులు ఎక్కువై షర్టులు పదీ పదిహేనే అయితే డీటీఎఫ్ (ఫిల్ము మీద అచ్చేసి, వేడితో బట్టకు అతికించే పద్ధతి) చేయించండి, కాస్త రబ్బరు షీటు అతికించినట్టు ఉంటుంది, అది తప్పదు. సబ్లిమేషన్ (వేడికి రంగు ఆవిరై బట్టలోకి ఇంకే పద్ధతి) నూలు బట్ట మీద నిలవదు, లేత రంగు పాలిస్టర్‌కే పనికొస్తుంది. ప్లాస్టిసాల్ (ప్లాస్టిక్ కలిసిన) ఇంకు అయితే పై పొర మాత్రమే కాదు, మొత్తం ఇంకు 160 డిగ్రీల వేడికి చేరాలి. చేరలేదంటే మూడు ఉతుకుల్లో బీటలు వారుతుంది. అచ్చు మీద రెండు చేతులతో బట్టను సాగదీస్తే అక్కడే తెలిసిపోతుంది. ముదురు రంగు షర్టు అయితే అడుగున తెల్ల పొర వేయమని అడగండి, లేకపోతే పిల్లి బూడిదలో పొర్లినట్టు వస్తుంది. వేడికి రంగు మారే ఇంకు గురించి కూడా అడిగారు. 1991లో అమెరికాలో అలాంటి షర్టులు ఊపు ఊపాయి. చెయ్యి ఆనించిన చోట రంగు మారేది. చంకల దగ్గర కూడా మారేది, అది ఎవరూ ముందు ఆలోచించలేదు. వేడినీళ్లలో ఒకసారి ఉతికితే ఆ మహిమ శాశ్వతంగా పోయేది. మీరు దాని జోలికి పోకండి.

బొమ్మను కాలరుకు నాలుగు వేళ్ల కింద మొదలుపెట్టండి. కిందికి జారిపోతే కూర్చున్నప్పుడు పొట్ట మడతలో పోతుంది, నా మొదటి షర్టుల్లో సగం జోకులు అక్కడే చచ్చాయి. ఏ గీతా ఒక పాయింటు (మిల్లీమీటరులో సుమారు మూడో వంతు) కంటే సన్నగా ఉండకూడదు. ముందు ఒకే ఒక్క షర్టు వేయించండి. ఐదుసార్లు ఉతకండి, మీ నలుగురిలో కాస్త బొజ్జ ఉన్నవాళ్లకు తొడిగి కూర్చోబెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. గడియారంలో 11కీ 59కీ మధ్య రెండు చుక్కలూ విడివిడిగా కనిపిస్తుంటే మిగతా ముప్పై తొమ్మిదీ వేసేయమనండి.